పోపు మాట తెలిస్తే కంప్యూటరు మూట తెలిసినట్టే!

మీ అమ్మాయో, అల్లుడో, పక్క ఫ్లాటులో అద్దెకున్న కుర్రాడో హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూనే ఉంటారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ మన హైదరాబాదులో ఇది ఇంటింటి ముచ్చటే. "ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగితే మాత్రం "చెప్పినా మీకర్థం కాదాంటీ" అని తప్పించుకుంటారు కదూ! అదేం బ్రహ్మవిద్య కాదు. ఆ పనుల్లో మన డేటా ఖర్చుతో ముడిపడ్డ ఒకదాన్ని వంటింటి భాషలోనే చెప్పుకుందాం.

ఫోనులో గోంగూర పచ్చడి ఎలా చేయాలో వెతికారనుకోండి. ఆ పేజీ ఎక్కడో ఉన్న కంప్యూటరు నుంచి రావాలి. ఉన్నదున్నట్టు పంపితే బరువు. అందుకని కుదించి, మూట కట్టి పంపుతారు. మీ ఫోనులో ఉన్న బ్రౌజరు, అదేనండీ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటిది, ఆ మూట విప్పి చూపిస్తుంది. ఒక్క అక్షరం కూడా పోదు.

పాల పద్దు రాస్తాం చూడండి. ఒకటో తారీకున "అర లీటరు" అని రాసి, కింద నెలంతా డిట్టో గీతలు పెట్టేస్తాం. 1992లో వచ్చిన జీజిప్ అనే పద్ధతి చేసేది ముఖ్యంగా ఇదే. వచ్చిన మాటే మళ్ళీ వస్తే, "పైన ఫలానా చోట ఉంది చూసుకో" అని చిన్న గుర్తు పెడుతుంది.

2015లో గూగుల్ వాళ్ళు బ్రోట్లీ అనే కొత్త పద్ధతి తెచ్చారు. ఇది పుట్టింది స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో. అక్కడి చిన్న బన్ను రొట్టె పేరే దీనికి పెట్టుకున్నారు! దీని కిటుకు మాత్రం అచ్చంగా మన పోపే. వంటల పేజీలో "పోపు పెట్టండి" అని రాస్తే మీకు చాలు. నూనె, ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు అన్నీ మీకే తెలుసు. పోపంటే తెలియని విదేశీయురాలికైతే ఇదంతా విడమర్చి రాయాలి. బ్రోట్లీలో ముందుగానే 13 వేలకు పైగా మాటలు, మాటల ముక్కలు ఉన్న చిన్న నిఘంటువు ఉంటుంది. అది పంపేవారి దగ్గరా ఉండాలి, విప్పే బ్రౌజరులోనూ ఉండాలి. అందుకే కొత్త పద్ధతి కనిపెట్టగానే సరిపోదు. ప్రతి బ్రౌజరులోకీ అది చేరాలి. 2016లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, మరుసటి ఏడాది ఆపిల్ వారి సఫారీ దీన్ని చేర్చుకున్నాయి.

మరి పాత ఫోనున్నవాళ్ళ గతేమిటి? కంగారక్కర్లేదు. పేజీ అడిగేటప్పుడే బ్రౌజరు "నాకు ఫలానా మూటలు విప్పడం వచ్చు" అని చెప్పుకుంటుంది. బ్రోట్లీ రాదంటే పాత జీజిప్ మూటే వస్తుంది. చాదస్తపు అత్తగారికీ కొత్త కోడలికీ ఇలాంటి సర్దుబాటు ఉంటే ఎంత బాగుణ్ణో!

ఇక్కడ మనం తెలుసుకోవలసిన ముచ్చట ఒకటుంది. బ్రౌజరు ఆ మూట పేరు చెప్పుకోవడానికి మొదట "బ్రో" అనే పొట్టి పేరు అనుకున్నారు. మగపిల్లలు ఒకరినొకరు పిలుచుకునే పిలుపది. ఆడవాళ్ళు కూడా పనిచేసే చోట ఈ పేరేమిటన్న అభ్యంతరం వచ్చింది. తయారుచేసినవారు పంతానికి పోకుండా "బి.ఆర్." అని మార్చారు. ఇవాళ బ్రౌజర్లన్నిటిలోనూ ఉన్నది ఆ రెండక్షరాలే.

సరే, ఆ నిఘంటువులో ఏ భాషలున్నాయి? ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, హిందీ, రష్యన్, అరబిక్. మన తెలుగు లేదు! పైగా కంప్యూటరులో మన రాతకి చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. "పోపు" అన్న చిన్న మాటకే 12 బైట్లన్నమాట. అందుకే మూట గట్టిగా కట్టడం ఇంగ్లీషు పేజీకన్నా తెలుగు పేజీకే ఎక్కువ అవసరం. అదృష్టం కొద్దీ మన అక్షరాల బైట్లలో మొదటి భాగం పదే పదే ఒకేలా వస్తుంది కనుక, డిట్టో గీతలు బాగానే పనిచేస్తాయి.

2024లో ఇంకో రెండు మార్పులొచ్చాయి. ఫేస్‌బుక్‌లో తయారైన జెడ్‌స్టాండర్డ్ అనే మూట క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో చేరింది. దీన్ని కట్టడం చాలా వేగం. రెండోది మనకి మరీ ముఖ్యం. క్రోమ్‌లో ఇప్పుడు ఏ వెబ్‌సైటు తన సొంత నిఘంటువు తాను పంపుకోవచ్చు. అంటే తెలుగు వంటల సైటువారు తమ పోపు డబ్బా తామే తెచ్చుకోవచ్చు!

ఒక్క మాట, ఫొటోలూ వీడియోలూ ముందే కుదించి ఉంటాయి. వాటికి ఈ మూటల వల్ల పెద్ద లాభం లేదు. రోజూ డేటా సాయంత్రానికే అయిపోతోందంటే ముందు వాటంతటవే ఆడే వీడియోలు ఆపండి. బ్రౌజరును ప్లే స్టోరులో అప్‌డేట్ చేయండి. హెచ్.టి.టి.పి.ఎస్. తో మొదలయ్యే సైట్లకే బ్రోట్లీ మూట వస్తుంది. దారిలో ఉన్న పాత యంత్రాలు కొత్త మూటను చూసి పాడుచేయకుండా పెట్టిన జాగ్రత్త అది.

పచ్చళ్ళు, పిండివంటలు వెబ్‌సైటులో అమ్ముకుంటున్న సోదరీమణులు మాత్రం సైటు కట్టిన అబ్బాయిని "మన పేజీలకి బ్రోట్లీ పెట్టావా?" అని అడగండి. చాలాచోట్ల సర్వరులో కొద్దిపాటి మార్పుతో అయ్యే పని. "అది మీకెలా తెలుసాంటీ?" అంటాడేమో, పోపు సంగతి చెప్పండి.