ఆనకట్టకు ముందు కాటన్ దొర నడిపిన వింత పొగబండి

ధవళేశ్వరం: గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను ఉభయ గోదావరి జిల్లాల్లో ఎరగనివారు లేరు. అయితే మన దేశంలో మొట్టమొదటి రైలు నడిపించిన ఘనత కూడా ఆయనదేనని రైల్వే చరిత్రకారులు చెబుతున్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. బొంబాయి నుంచి ఠాణాకు 1853లో ప్రయాణికుల రైలు నడిచింది. కాటన్ రైలు అంతకు 16 ఏళ్ళ ముందుది. దాన్ని లాగిన ఇంజను కూడా మామూలు ఇంజను కాదు.

రాళ్ళ కోసం రైలు

అది 1836వ సంవత్సరం. ఆర్థర్ కాటన్ అప్పటికి మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారి. కావేరి డెల్టాలో కొల్లడం ఆనకట్ట పని అప్పుడే ముగిసింది. మద్రాసు నగరంలో రోడ్లు వేయడానికి రాయి కావలసి వచ్చింది. రాయి దొరికేది నగరానికి వాయవ్యాన ఉన్న రెడ్ హిల్స్ దగ్గర. ఎడ్లబండ్ల మీద అంత రాయి తోలడం ఖర్చుతోనూ, కాలయాపనతోనూ కూడిన పని.

అందుకని 1836లో చింతాద్రిపేట వంతెన దగ్గర ప్రయోగంగా కొద్ది మేర ఇనుప పట్టాలు పరిచి చూశారు. మరుసటి ఏడు, 1837లో, రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేట వంతెన వరకు రాళ్ళ రైలు నడిచింది. దీన్ని లాగింది రోటరీ ఆవిరి ఇంజను అనీ, దాన్ని తయారు చేసినవాడు విలియం ఏవరీ అనీ రికార్డులు చెబుతున్నాయి. ఏవరీ అమెరికాలోని సిరక్యూస్ పట్టణానికి చెందినవాడు. ఈ రకం యంత్రానికి 1831లో పేటెంటు పొందాడు.

పిస్టన్ లేని యంత్రం

మామూలు పొగబండి ఇంజనులో ఒక సిలిండరు, అందులో పిస్టన్ ఉంటాయి. బాయిలరు నుంచి వచ్చిన ఆవిరి పిస్టన్‌ను ముందుకీ వెనక్కీ నెడుతుంది. ఆ ఊపును ఇనుప కడ్డీల ద్వారా చక్రానికి అందిస్తే బండి కదులుతుంది.

ముందుకీ వెనక్కీ పోయే పిస్టన్ దేనికి, ఆవిరితో నేరుగా ఇరుసునే తిప్పరాదా అన్నది ఏవరీ ఆలోచన. ఆయన యంత్రంలో బోలుగా ఉన్న ఒక ఇరుసు, దానికి అటూ ఇటూ రెండు బోలు చేతులు ఉంటాయి. ప్రతి చేతి కొసన, ఒక పక్కగా చిన్న రంధ్రం. ఆవిరి ఇరుసులో ప్రవేశించి, చేతుల గుండా పోయి, ఆ రంధ్రాల నుంచి బుసకొడుతూ బయటపడుతుంది. ఆవిరి ఒక దిక్కుకు చిమ్మితే చెయ్యి ఎదురు దిక్కుకు తిరుగుతుంది.

దీపావళినాడు పిల్లలు వెలిగించే భూచక్రం తిరిగే సూత్రం ఇదే. నమ్మకం కుదరనివారు ఒక ఖాళీ డబ్బాకు అడుగున రెండు పక్కలా ఏటవాలుగా చిల్లులు పొడిచి, పురికొసతో వేలాడదీసి నీళ్ళు పోసి చూడవచ్చు. నీరు చిమ్మే కొద్దీ డబ్బా గిరగిర తిరుగుతుంది.

ఎందుకు నిలవలేదు?

ఇంత తేలిక యంత్రం రైళ్ళలో ఎందుకు నిలదొక్కుకోలేదు? కారణం భూచక్రంలోనే ఉంది. అది ఎంత జోరుగా తిరిగినా వేలు అడ్డుపెడితే ఆగిపోతుంది. జోరు ఉంది, బలం లేదు. రాళ్ళ బండిని నిలిచిన చోటు నుంచి కదిలించడానికి కావలసింది నిదానమైన బలం. అంత జోరును బలంగా మార్చాలంటే పళ్ళ చక్రాలు కావాలి. చేతులు మరీ జోరుగా తిరిగితే తప్ప ఆవిరిలోని శక్తి పూర్తిగా వినియోగం కాదు. మిగిలినదంతా గాలిలో కలిసిపోతుంది. నీరూ, వంటచెరకూ దండుగ.

ఆలోచన మాత్రం దండుగ కాలేదు. 1884లో ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ ఆవిరితో నేరుగా ఇరుసును తిప్పే టర్బైన్‌ను తయారు చేశాడు. జోరుగా, నిలకడగా తిరగవలసిన పనికి అది సరిగ్గా సరిపోయింది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కరెంటు పుట్టించేది ఆవిరి టర్బైన్లే.

ధవళేశ్వరానికి పట్టాలు

మద్రాసులో నేర్చిన విద్య గోదావరి ఒడ్డున అక్కరకు వచ్చింది. 1847లో ఆనకట్ట పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద కలిపి సుమారు రెండుంబావు మైళ్ళ రాతికట్టు. పదివేల మంది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు పనిచేశారు. కొండ రాయిని ఏటి ఒడ్డుకు చేర్చడానికి ధవళేశ్వరంలో పట్టాలు వేశారు. దేశంలోని తొలి రైలు మార్గాల్లో దీన్నీ ఒకటిగా లెక్కిస్తారు. మట్టిబాట మీద లాగే బరువుకు ఎన్నో రెట్లు బరువు అదే బలంతో పట్టాల మీద లాగవచ్చు. బురదలో బండి తోలిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

రైలు వేసినవాడే పడవను మెచ్చాడు

అంతటి రైలు పెద్దమనిషి తర్వాత చేసిన వాదం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఈ దేశానికి రైళ్ళ కన్నా కాలువలే మేలనీ, కాలువ పొలానికి నీరూ ఇస్తుంది, ధాన్యాన్ని చవకగా బజారుకూ చేరుస్తుందనీ 1854లో అచ్చయిన తన పుస్తకంలో వాదించాడు. డెల్టా కాలువలకు లాకులు కట్టించింది పడవలు నడవడానికే. కాలువ గట్టున తాడు పట్టి లాగితే వందల బస్తాల పడవ కదిలి వచ్చేది. ప్రభుత్వం ఎక్కువ సొమ్ము రైళ్ళకే పెట్టింది. 1900లో రాజమండ్రి వంతెన మీదుగా రైలు గోదావరిని దాటింది. తర్వాత లారీలు వచ్చాయి. పడవలు కనుమరుగయ్యాయి.

రైలంటే గిట్టక కాటన్ ఆ మాట అనలేదు. కొండ రాయికి పట్టా, ధాన్యానికి నీరు, ఏ పనికి ఏది తగునో చూసి చెప్పాడు. కొత్త యంత్రం వచ్చిందని కాక, మన పనికి తగునా అని చూడమనడమే ఆయన నేర్పిన పాఠం.

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఆనాటి పనిముట్లు ఉన్నాయి. మే 15న ఆయన జయంతికి వెళ్ళేవారు పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి ఈ కథ చెప్పాలి. ఆనకట్ట చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి దొడ్లోనైనా పాత పట్టా ముక్కో, చక్రమో బయటపడితే పాత ఇనుముకు తూచి అమ్మేముందు ఒకసారి మ్యూజియం వారికి చూపించడం మంచిది. అమ్మితే వచ్చేది నాలుగు రూపాయలే. పోయిన ఆనవాలు మాత్రం తిరిగి రాదు.