పేరు ముందా, సరకు ముందా?

హైదరాబాదు నగరమున ఆబిడ్సు పేట నెరుగనివారు లేరు. కాని అది ఒక దుకాణదారుని పేరని ఎరిగినవారు కొలదిమందియే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా సంతతివాడు ఇచ్చట ఒక అంగడి నడిపెను. అంగడి పోయినది, సరకులు పోయినవి, యజమానియు పోయెను; పేరు మాత్రము వీధి నంటుకొని నిలిచినది. ఏ వర్తకుడును డబ్బిచ్చి కొనజాలని ప్రచారమిది. సరకు లేకున్నను పేరు బ్రతుకగలదని కూడ ఇది మనకు తెలుపుచున్నది. ఈ రెండవ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక.

ఆబిడ్సు నుండి కొంత దూరము నడిచినచో నాంపల్లి ఎగ్జిబిషను మైదానము వచ్చును. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో ప్రారంభించిన నుమాయిష్ 1946లో ఈ మైదానమునకు మారినది. సాధారణముగా జనవరి 1వ తేదీన మొదలై ఆరు వారములకు పైగా సాగు ఈ సంతలో ప్రచారకళ యెట్టిదో కన్నులార చూడవచ్చును. మెడలో మైకు తగిలించుకొన్న ఒక వర్తకుడు చిన్న రేకు పరికరముతో క్షణములో క్యారెట్టును పూవుగా చెక్కును. మేమును ఒక యేడు ఆ పరికరమును కొని తెచ్చితిమి. అతని చేతిలో పూవైన క్యారెట్టు మా వంటింట తునాతునుకలైనది. మేము అతని నేర్పును కొన్నామనుకొంటిమి. చేతికి వచ్చినది రేకు మాత్రమే! ఐనను అతడు మోసగాడు కాడు. పేరును, సరకును, పనితనమును మన కండ్లయెదుటనే పెట్టెను. తరచి చూడకపోవుట మా లోపము.

వైను తయారు చేయువారికి ఈ సౌకర్యము లేదు. సీసా మూత తీయనిదే రుచి తెలియదు. తీసిన పిదప తిరిగి ఇచ్చుటకు వీలుండదు. ఒక తోట ద్రాక్షకును వేరొక తోట ద్రాక్షకును, ఒక యేటి పంటకును మరొక యేటి పంటకును గల భేదము సీసాపై నుండి కనబడదు. కావున కొనువాడు రుచిని గాక చీటీపై నున్న పేరును కొనును. ఆ పేరును జనుల నోట నానించుటకై వైను వర్తకులు పన్నిన ఉపాయములు చిత్రవిచిత్రములు.

వానిలో మేటి 1889నాటిది. ఈఫిల్ గోపురము నిలిపిన ఆ యేటి పారిస్ ప్రదర్శనమునకు యూజీన్ మెర్సియే అను షాంపేను వర్తకుడు ఒక మహాకాయమైన చెక్కపీపాను పంపెను. అందు పట్టు వైను సుమారు రెండు లక్షల సీసాలకు సరిపోవును. ఎపెర్నే పట్టణము నుండి దానిని 24 ఎడ్లు లాగినవి. మెట్ట దారులలో 18 గుఱ్ఱములు తోడైనవి. ప్రయాణము ఎనిమిది దినములు పట్టెను. వంతెనలను బలపరచవలసి వచ్చెను; దారి కడ్డమైన కొన్ని ఇండ్లను కొని పడగొట్టవలసియు వచ్చెను. దారి పొడవునను జనులు మూగి చూచిరి. బండి సాగిన మేర ప్రచారము సాగెను. ఐతే పీపా పెద్దదని తెలిసినది గాని, అందలి వైను మంచిదని తెలిసినదా? లేదు. గాత్రము గుణమునకు సాక్ష్యము కాదు.

దీనికి సరిగా ఎదురైన ఉపాయము అదే పారిస్ నగరమున 1976 మే 24న జరిగినది. స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయుడు అచ్చట వైను దుకాణము నడుపుచుండెను. తన దుకాణమునకు పేరు తెచ్చుటయు ఆతని ఉద్దేశములలో ఒకటి. ఫ్రెంచి వైనులను, కాలిఫోర్నియా వైనులను పేర్లు కనబడకుండ గ్లాసులలో పోయించి, ఫ్రాన్సు దేశపు నిపుణుల చేతనే రుచి చూపించి మార్కులు వేయించెను. తెల్ల వైనులలోను, ఎఱ్ఱ వైనులలోను ప్రథమ స్థానములు కాలిఫోర్నియాకే దక్కినవి! చీటీ కనబడి యుండినచో ఆ తీర్పు వచ్చెడిదా? ఇచ్చట పేరును మూసి సరకును చూపిరి. ప్రచారమున కింతకంటె నిజాయితీ గల మార్గము మాకు తోచుట లేదు.

ఇక మన దేశపు సంగతి. 1967 నవంబరు 1న ఆకాశవాణి వివిధభారతిలో వ్యాపార ప్రకటనలు మొదలైనవి; కాని మద్యమునకు ఆకాశవాణి నియమావళిలో చోటు లేదు. 1994నాటి కేబుల్ టెలివిజను నియమములును మద్య ప్రకటనలను నిషేధించినవి. తలుపు మూసినచో కిటికీ వెదకుట వర్తకుల స్వభావము. నాసిక్‌లోని సులా సంస్థ 2005లో తోటలోనే రుచి చూపు శాలను తెరచి, 2008 నుండి ద్రాక్షతోటలో సంగీతోత్సవము నడిపి జనులను తన యొద్దకే రప్పించుకొనెను. ఇది ఒక త్రోవ. ఇందు సరకు దాగి లేదు. రెండవ త్రోవ వేరు. సారాయి సీసాపై నుండు పేరునే సోడాకో, త్రాగునీటికో, పాటల క్యాసెట్లకో తగిలించి చాటుట. ఇచ్చట సరకును మూసి పేరును చూపుదురు. 1976నాటి పరీక్షకు ఇది తలక్రిందైన రూపము. ఇట్టి చాటు ప్రకటనలను 2022 జూనులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శక సూత్రములు నిషేధించినవి.

మన వీధులలో ‘వైన్స్’ అను బోర్డు గల అంగడులనే చూడుడు. అందమ్ముడుపోవునది ముఖ్యముగా బ్రాందీ, విస్కీ, బీరు; ద్రాక్షవైను వాటా స్వల్పము. బోర్డుపై నొక పేరు, అలమరలో వేరొక సరకు!

ఇది వట్టి మాటల చమత్కారము కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు తమ వాచకములోని సీతమ్మ కథను చదివి, అది తమ కథయేయని గుర్తించి, ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతటను ప్రాకినది. 1993 అక్టోబరులో సారాయి నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. 1997లో నిషేధము సడలినది. అది వేరు కథ. కాని పీపా లేక, ఎడ్లు లేక, రంగుల చీటీ లేక ఒక పాఠ మంతటి పని చేసినదే! దానియందు కూలిడబ్బు ఎచ్చటికి పోవుచున్నదో ఉన్నది ఉన్నట్లు వ్రాసియుండెను. అదియే దాని బలము.

సాయంకాలము ఇంటిల్లిపాదియు క్రికెట్టు ఆట చూచుచుండగా సోడా ప్రకటన యొకటి రావచ్చును. పిల్లవాడు, “ఈ సోడా మన వీధి కొట్టులో దొరుకునా, నాన్నా?” అని అడిగినచో ఆ ప్రశ్నను త్రోసిపుచ్చకుడు. వాని చేయి పట్టుకొని కొట్టునకు పోయి అడుగుడు. సోడా దొరికినచో మంచిదే. దొరకనిచో, ఆ పేరు వేరొక సీసాకు కావలి కాయుచున్నదని వానికి ఆ వయసుననే తెలియును.

నుమాయిష్‌కు పోవునపుడును ఇదే పద్ధతి. క్యారెట్టు పూవును చూచి సంతోషింపుడు, చప్పట్లు కొట్టుడు. పిదప, “ఒకసారి మా చేతి కిండు” అని అడుగుడు. ఇచ్చువాడు సరకును నమ్మినవాడు. మేము ఆ యేడు ఆ మాట అడుగలేదు. ఆ రేకు ఇప్పటికిని మా వంటింటి మేకున వ్రేలాడుచునే యున్నది.