కొండపై కాటేజీ.. రాత్రి ఎలా ఉంటుందో అడిగారా?

అరకులోయ: కార్తీక మాసం ప్రవేశించిందంటే మన్యం దారులు కిటకిటలాడతాయి. వనభోజనాలతో మొదలైన సందడి సంక్రాంతి సెలవులు ముగిసే వరకు తగ్గదు. వలిసె పూల పసుపు, లోయను కప్పే మంచు, కాఫీ తోటల మీదుగా వీచే చల్లగాలి.. వీటి కోసం విశాఖ, విజయనగరం జిల్లాల నుంచే కాక హైదరాబాద్‌ నుంచీ కుటుంబాలు తరలివస్తున్నాయి. పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగిపోయే రోజులు పోయాయి. ఒక్క రాత్రయినా కొండపై గడపాలన్నది ఇప్పటి కోరిక. అందుకు తగ్గట్టే రోడ్డు పొడవునా కాటేజీలు, హోమ్‌స్టేలు, గుడారాలు పుట్టుకొచ్చాయి.

చిక్కల్లా ఎంపికలోనే. సెల్‌ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి గది ఖరారు చేసుకునేవారే అధికం. ఆ ఫొటోలన్నీ ఎండ కాసినప్పుడు, మంచు విడిపోయాక తీసినవి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే చీకటి ముసురుతుంది. తెల్లవారేసరికి ఆరు దాటుతుంది. అంటే అద్దె చెల్లించిన గదిలో గడిపే సమయం దాదాపు పదమూడు గంటలు చీకట్లోనే. ఆ పదమూడు గంటలు ఎలా గడుస్తాయో ఫొటో చెప్పదు. ఫోన్‌ చేసి అడిగితేనే తెలుస్తుంది.

ముందు దూరం లెక్క చూడాలి

ప్రకటనలో ‘అరకు’ అని ఉన్నంత మాత్రాన ఆ గది అరకులో ఉందనుకోరాదు. అనంతగిరి నుంచి డుంబ్రిగూడ దాకా ఎక్కడ కట్టినా అరకు పేరే పెడుతున్నారు. రైలులో వచ్చేవారికి ఇది మరీ ముఖ్యం. ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్‌ రైలు దిగాక సొంత వాహనం ఉండదు. స్టేషన్‌ నుంచి బసకు ఎన్ని కిలోమీటర్లో, ఆటో చివరి దాకా వస్తుందో లేదో, రాత్రి భోజనానికి మళ్లీ బయటికి రావలసి ఉంటుందో ముందే తెలుసుకోవాలి.

విశాఖ నుంచి అరకులోయ రోడ్డు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్‌ మొదలవుతుంది. త్యాడ, అనంతగిరి మీదుగా మెలికలు తిరుగుతూ గాలికొండ ఎక్కి లోయలోకి దిగాలి. మైదానంలో రెండు గంటల్లో పోగలిగిన దూరానికి ఇక్కడ మూడు గంటలకు పైనే పడుతుంది. మంచు కమ్మితే ఎదుటి వాహనం దీపాలు కూడా దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు ఈ ఘాట్‌లోనే లోయలో పడి నలుగురు మృతి చెందారు. అది జరిగింది చీకటి పడ్డాకే. కాబట్టి సాయంత్రం నాలుగింటికల్లా బసకు చేరేలా ప్రయాణం పెట్టుకోవాలి. అంత వీలు కాదనుకుంటే మొదటి రాత్రికి ఘాట్‌ మొదట్లోనే వచ్చే త్యాడలో ఆగడం మేలు. అడవి మధ్య చెక్క కాటేజీల్లో ఉండాలన్న ముచ్చటా తీరుతుంది.

మరో పొరపాటు కూడా ఏటా జరుగుతోంది. అరకులో గది తీసుకుని, తెల్లవారుజామున లంబసింగి మంచు చూసి వద్దామనుకుంటారు. పటంలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి మరి. వాస్తవానికి పాడేరు మీదుగా దాదాపు 90 కిలోమీటర్ల కొండ దారి. సూర్యోదయానికి చేరాలంటే అర్ధరాత్రి దాటాక బయలుదేరాలి. లంబసింగి చూడదలచినవారు నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లి రోడ్డు ఎక్కి అక్కడే బస చేయాలి. వంజంగిలో మేఘాల సముద్రం చూడాలంటే పాడేరులో ఉండాలి. మూడింటినీ ఒకే గది నుంచి చుట్టిరావడం కుదరదు.

చెక్క గది, గాజు గది, గుడారం

పర్యాటకాభివృద్ధి సంస్థ అరకు, అనంతగిరి, త్యాడల్లో కట్టించిన అతిథిగృహాలు చాలామందికి పరిచయమే. పాతబడిన గదులున్నా గోడలు గట్టివి, ఆవరణ పెద్దది, దారి తిన్ననిది. వాటి నిర్వహణ ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందో, గదులు ఇటీవల బాగుచేశారో లేదో బుక్‌ చేసేటప్పుడే కనుక్కోవాలి. పద్మాపురం ఉద్యానవనంలో చెట్లపై కట్టిన గుడిసెలు పిల్లలకు వింత. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి మాత్రం ఆ మెట్లు పరీక్షే.

ఇప్పుడు గిరాకీ అంతా కొత్త రకం గదులకు. త్రిభుజాకారపు చెక్క గది, ముందు గోడంతా గాజు పలక, ఎదుట కొండ. చూడముచ్చటగా ఉంటుందనడంలో సందేహం లేదు. అయితే గాజు చలిని ఆపదు. పగలు లోపల ఉక్క, రాత్రి వణుకు. తెర లేకుంటే లోపల దీపం వెలిగించగానే బయటివారికి అంతా కనిపిస్తుంది. రేకు పైకప్పయితే తెల్లవారుజామున లోపలి తేమ నీటిబొట్లుగా మారి పక్కమీద పడుతుంది. చెక్క పలకల మధ్య సందులుంటే గాలితోపాటు పురుగూ పుట్రా వస్తాయి. సింగిల్‌ పలకా, లోపల మరో పొర ఉందా, తలుపు కింద సందు ఎంత ఉంది.. ఇలాంటివి అడిగితే యజమాని నవ్వవచ్చు. అయినా అడగాల్సిందే. తనూ ఆ గదిలో చలికాలం పడుకుని చూసినవాడైతే వెంటనే జవాబిస్తాడు.

గుడారాల సంగతి వేరు. లంబసింగిని స్థానికులు కొర్రబయలు అంటారు. రాత్రి ఆరుబయట ఉంటే తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతారన్నది ఆ పేరుకు చెప్పే అర్థం. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోవడం ఏటా చూసేదే. పలుచని గుడ్డ గుడారంలో ఒక్క దుప్పటితో పడుకోవడం కుర్రకారుకు సరదా కావచ్చు. అయిదేళ్లలోపు పిల్లలను, ఆస్తమా, గుండె జబ్బులున్నవారిని అందులో పడుకోబెట్టరాదు. మనిషికి ఎన్ని రగ్గులిస్తారు, కింద పరుపు ఉందా, మరుగుదొడ్డి ఎన్ని అడుగుల దూరం, అక్కడి దాకా దీపం ఉందా అన్నవి గుడారం విషయంలో తప్పనిసరి ప్రశ్నలు.

వేడినీళ్ల మాట ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. ఏ గంట నుంచి ఏ గంట వరకన్నది ఉండదు. కరెంటు పోతే గీజరు పనిచేయదు. కొండ ఊళ్లలో గాలివానకు కరెంటు పోవడం, సెల్‌ సిగ్నల్‌ అందకపోవడం మామూలే. జనరేటరు ఉన్నచోట కూడా అది దీపాలకే పరిమితమా, గీజరుకూ వస్తుందా అని అడగాలి.

గదిలో కుంపటి వద్దు

అన్నింటికన్నా జాగ్రత్త పడవలసింది నిప్పు విషయంలో. సాయంత్రం ఆరుబయట నెగడు వేసి చుట్టూ కూర్చోబెట్టడం కాటేజీలన్నింటా ఆనవాయితీ అయింది. బొంగు చికెన్‌, థింసా ఆట, చలిమంట.. ఇవి లేకుంటే వచ్చినట్టే ఉండదంటారు. ఆరుబయట ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. నడిరాత్రి చలి పెరిగాక నెగడులో మిగిలిన నిప్పులను పళ్లెంలోనో, కుంపటిలోనో తెచ్చి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకోవడమే ప్రాణాంతకం.

బొగ్గు గాలి చాలక సగం సగం కాలుతున్నప్పుడు కార్బన్‌ మోనాక్సైడ్‌ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ ఆగిపోయి ఎర్రగా మెరిసే నిప్పుల నుంచి కూడా వస్తూనే ఉంటుంది. ‘పొగ లేదు కదా’ అనుకోవడమే మోసం. రక్తంలోని హిమోగ్లోబిన్‌ ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. ఫలితంగా శరీరానికి ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తల తిరుగుడు, వాంతి వచ్చేటట్లుండటం. మెలకువగా ఉన్నవారు బయటికి రాగలరు. నిద్రలో ఉన్నవారికి ఆ అవకాశం ఉండదు. గుడారం గుడ్డది కదా, గాలి ఆడుతుందిలే అనుకోరాదు. చలికి భయపడి జిప్పు పూర్తిగా మూసిన గుడారం మూసిన గది కిందే లెక్క.

స్నానాల గదిలో బిగించిన గ్యాస్‌ గీజరూ అలాంటిదే. మంట మండేచోట గాలి రావడానికి, కాలిన వాయువు పోవడానికి దారి ఉండాలి. కిటికీ లేని ఇరుకు గదిలో గీజరు కనిపిస్తే, దాన్ని బయటి గోడకు మార్చని పక్షంలో ఆ గది వద్దనడమే క్షేమం. బేరం కుదరకముందే ‘వేడినీళ్లు కరెంటువా, గ్యాస్‌వా, సోలారువా’ అని ఒక్క ముక్క అడిగితే సరిపోతుంది. బయట కట్టెల పొయ్యిపై కాచి బకెట్లతో తెచ్చిచ్చే పాత పద్ధతి ఉన్నచోట కాస్త ఆలస్యమైనా భయం లేదు.

ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే తిండి పడలేదనుకుని పడుకోరాదు. తలుపులు తెరిచి అందరినీ ఆరుబయటికి తీసుకువచ్చి 108కు ఫోన్‌ చేయాలి. సిగ్నల్‌ సంగతి ముందే అడగమన్నది ఇందుకే. రాత్రిపూట సిబ్బంది ఒకరైనా ఆవరణలో ఉంటారో, తాళాలిచ్చి ఊళ్లోకి వెళ్లిపోతారో కూడా తెలుసుకోవాలి.

ఆ నేల ఎవరిది?

ఇది పర్యాటకుడికి సంబంధం లేని ప్రశ్నలా తోచవచ్చు. కానీ ఉంది. మన్యం షెడ్యూల్డ్‌ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం నోట అదే 1/70 చట్టం. దీని ప్రకారం ఇక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మడం, లీజుకివ్వడం చెల్లదు. అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో గనుల లీజులపై సమత సంస్థ నడిపిన కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు దేశమంతటా షెడ్యూల్డ్‌ ప్రాంతాలకు ఆధారమైంది. పర్యాటకం పేరుతో ఈ చట్టాన్ని సడలిస్తారన్న ఆందోళనతో 2025 ఫిబ్రవరిలో మన్యంలో బంద్‌ జరిగింది.

కాగితాలపై గిరిజనుడి పేరు, వెనుక పెట్టుబడి మరొకరిది అయిన కట్టడాలపై ఫిర్యాదులు కొత్త కావు. అలాంటిచోట అధికారులు తాళం వేస్తే అడ్వాన్సు కట్టినవారు రోడ్డున పడతారు. ప్రమాదం జరిగితే బాధ్యుడెవరో తేలదు. యజమాని ఎవరు, ఏ ఊరివారు, పర్యాటక శాఖ వద్ద నమోదైందా అని మర్యాదగా అడిగితే తప్పు లేదు. గ్రామంలోని గిరిజన కుటుంబమే తమ ఇంటి పక్క రెండు గదులు కట్టి ఇస్తున్నచోట హంగులు తక్కువ. అయితే రాత్రి పిలిస్తే పలికే మనుషులుంటారు, ఇచ్చిన అద్దె ఆ ఊళ్లోనే మిగులుతుంది. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే ఈ విలేకరి ఓటు దానికే.

అడ్వాన్సు, రశీదు

సెలవుల రద్దీలో నకిలీ నంబర్ల బెడద ఉంది. ఇంటర్నెట్‌లో పేరున్న రిసార్టు ఫొటోలు పెట్టి, వేరే ఫోన్‌ నంబరు ఇచ్చి, మొత్తం సొమ్ము ముందే పంపమంటారు. అక్కడికి వెళ్లాక గది ఉండదు. ఫోన్‌లో వీడియో కాల్‌ చేసి గదిని, మరుగుదొడ్డిని, గేటు బయటి దారిని చూపమంటే నిజమైన యజమానికి అభ్యంతరం ఉండదు. మోసపోయామని గ్రహించిన వెంటనే 1930కు ఫోన్‌ చేయాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

రద్దు షరతులు రాతపూర్వకంగా తీసుకోవాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ విరుచుకుపడినప్పుడు విశాఖతోపాటు మన్యమూ అతలాకుతలమైంది. తుపాను హెచ్చరిక వస్తే సొమ్ము వాపసు ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది ముందే తేల్చుకోవాలి. వానాకాలంలో వచ్చేవారు కొండను నిలువుగా తవ్వి చదును చేసినచోట, వాగు ఒడ్డున కట్టిన గదులకు దూరంగా ఉండాలి. వాగు పక్కన గది ఫొటోలో ఎంత బాగుంటుందో పైన వాన కురిసిన రాత్రి అంత ప్రమాదం.

అమెరికా నుంచి వచ్చిన పిల్లలను తీసుకువెళ్లేవారు మరో సంగతి గమనించాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు బస చేస్తే ఆ వివరాలను 24 గంటల్లోగా ఇమ్మిగ్రేషన్‌ అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపడం వసతి ఇచ్చినవారి బాధ్యత. చిన్న హోమ్‌స్టేలవారికి ఆ ఏర్పాటు లేక గుమ్మం దగ్గరే కాదనే వీలుంది. మనవడి పాస్‌పోర్టు సంగతి ఫోన్‌లోనే చెప్పేస్తే రాత్రివేళ మరో గది వెతుక్కునే పని తప్పుతుంది.

మన్యంలో మలేరియా ఉంది. కిటికీలకు దోమల జాలీ ఉందో లేదో అడగాలి, లేకుంటే దోమతెర వెంట తెచ్చుకోవాలి. ఇంటికి తిరిగి వెళ్లిన రెండు మూడు వారాల్లో చలితో జ్వరం వస్తే, కొండ గాలి పడలేదని సరిపెట్టుకోకుండా ఏజెన్సీలో రాత్రి బస చేశామని వైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.