ఉత్త చేతుల భీముడు - పాచికల లెక్క

ఎండాకాలం వచ్చిందంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో భారత యజ్ఞాలు మొదలవుతాయి. ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. బకాసుర వధ నాడు భీముడి వేషగాడు అన్నం బండెక్కి ఊరంతా తిరుగుతాడు. మీలో చాలామంది ఆ బండి వెంట పరుగెత్తే ఉంటారు. గద సంగతి దుర్యోధన వధలో వస్తుంది గాని, బకాసురుణ్ణి మాత్రం భీముడు చివరకు ఉత్త చేతులతోనే మట్టుపెట్టాడు.

ఆ నాటకంలో భీముడు గెలుస్తాడని అందరికీ ముందే తెలుసు. అలా ముందే తెలియకపోతే? భీముడు ఏం చేయాలో ఆడేవాడు నిర్ణయించి, దెబ్బ తగిలిందో లేదో పాచిక తేల్చితే? సరిగ్గా అలాంటి ఆట ఒకటుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చు వేశారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు సూత్రధారుడు, కథ నడుపుతాడు. మిగిలినవారు తలా ఒక వేషం ధరిస్తారు. రంగు పూసుకోవడం ఉండదు, నోటి మాటే వేషం. ప్రతి వేషానికీ ఒక వర్గం ఉంటుంది. కత్తి వీరుడు, మంత్రగాడు, దొంగ, ఇలా. ఆయుధం లేకుండా పోరాడే సన్యాసి వర్గం 1975లో 'బ్లాక్‌మూర్' అనే అనుబంధ పుస్తకంలో చేరింది. మన భీముణ్ణి ఈ వర్గంలో చేర్చి చూద్దాం. నియమాలు 2014 నాటి పుస్తకానివి తీసుకుంటున్నాను. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో అంకెలు కొన్ని మారాయి.

ఆటలో 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు ఉంటాయి. (అన్ని ముఖాలూ ఒకే సమ బహుభుజిగా ఉండి, ప్రతి మూలా ఒకేలా ఉండే కుంభాకార ఘనరూపాలు అయిదే అయిదు. 10 ముఖాలది వాటిలో లేదు. ఎందుకు లేదో మీ లెక్కల అయ్యవారిని అడగండి.) దెబ్బ తగిలిందో లేదో తేల్చేది 20 ముఖాల పాచిక. పడిన అంకెకు భీముడి చురుకు 3, అనుభవం 2, మొత్తం 5 కలపాలి. అది బకాసురుడి రక్షణ సంఖ్యకు సమానమైనా, మించినా దెబ్బ తగిలినట్టు. రక్షణ సంఖ్య 15 అనుకోండి. అంటే పాచిక మీద 10 గాని, అంతకు పైన గాని పడాలి. 10 నుంచి 20 దాకా ఉన్న ముఖాలు 11. కనుక దెబ్బ తగిలే సంభావ్యత 20లో 11, అంటే 0.55.

ఇక దెబ్బ బలం. ఈ ఆటలో ఏ విద్యా రానివాడి పిడిగుద్దు బలం 1. దానికి కండబలం కలుపుతారు. అది 3 అయితే మొత్తం 4. వాడికి ఒక విడతకు ఒకే దెబ్బ. సగటు 4 × 0.55 = 2.2. బకాసురుడికి ఇది చీమ కుట్టినట్టు.

సన్యాసి వర్గంలో మొదటి మెట్టు ఎక్కిన వెంటనే మూడు మార్పులు వస్తాయి. ఆ 1కి బదులు 4 ముఖాల పాచిక వేయవచ్చు. దాని సగటు 2.5. కండబలానికి బదులు చురుకును కలుపుకోవచ్చు. అసలు దెబ్బ వెంట ఇంకొక దెబ్బ వేయవచ్చు. ఒక్కో దెబ్బ సగటు 5.5, రెండు దెబ్బలకు 11, దాన్ని 0.55తో గుణిస్తే 6.05. రెండో మెట్టులో 'కి' అనే ఊపిరి శక్తి వస్తుంది. అందులో ఒక పాయింటు ఖర్చు పెడితే వెంట వేసే దెబ్బ ఒకటి కాక రెండవుతాయి. మొత్తం మూడు దెబ్బలు. సగటు 16.5 × 0.55, సుమారు 9.08. (20 పడితే పాచికను రెండుసార్లు వేసే నియమం ఒకటుంది. లెక్క తేలిక కోసం దాన్ని వదిలేశాను.)

ఈ పాయింట్లు రెండో మెట్టులో రెండే. అయిపోతే కనీసం గంటసేపు విశ్రాంతి తీసుకోవాలి. ఈ నియమం పెట్టినవారు మన శరీరం తీరు గమనించే పెట్టారేమో అనిపిస్తుంది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తేటప్పుడు, గుద్దేటప్పుడు కండరాలు మొదట క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే నిల్వను ఖర్చు చేస్తాయి. అది పది సెకన్లకు అటూఇటూగా అడుగంటుతుంది. కాసేపు ఆగితే మళ్లీ నిండుతుంది, గంట అక్కరలేదు. ఆటలో మరొక సౌకర్యం కూడా ఉంది. గుద్దినవాడి చేతికి నొప్పి ఉండదు! న్యూటన్ మూడో సూత్రం అక్కడ సెలవులో ఉంటుంది. బయట మాత్రం మీరు గోడను ఎంత గట్టిగా గుద్దితే గోడ మీ చేతిని అంత గట్టిగానూ గుద్దుతుంది. మణికట్టుతో కలిపి చేతిలో 27 ఎముకలున్నాయి, ప్రయోగం చేయకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. భీముడికి ఇంకొక్క వరం కోరుకునే అవకాశం ఉంటే ఏది కోరుకోవాలి? ఆరు ముఖాల పాచికా, నాలుగో దెబ్బా, చురుకులో ఒక్క అంకె పెరుగుదలా? ఆటలో చురుకును నాలుగో మెట్టులో పెంచుకోవచ్చు. మిగిలిన రెండూ అయిదో మెట్టులో కలిసి వస్తాయి. మనం విడివిడిగా తూచి చూద్దాం. పిల్లలను అడిగితే ఎక్కువమంది పెద్ద పాచికే అంటారు. చేతిలో బరువుగా కనబడుతుంది కదా!

ఆరు ముఖాల పాచిక సగటు 3.5. ఒక్కో దెబ్బ 6.5, మూడు దెబ్బలకు 19.5. దాన్ని 0.55తో గుణిస్తే 10.73 దగ్గర ఆగింది. చురుకు 3 నుంచి 4 అయితే దెబ్బ బలం అలాగే 6.5 అవుతుంది. అయితే అంతటితో ఆగదు. గురి కూడా మెరుగవుతుంది, ఇప్పుడు 9 పడినా చాలు. సంభావ్యత 0.60. సగటు 11.7. పాత పాచికతోనే నాలుగు దెబ్బలు వేస్తే 22 × 0.55 = 12.1. అందరూ కోరుకున్న పెద్ద పాచికే మూడో స్థానంలో నిలిచింది!

దెబ్బల సంఖ్య పెరిగితే ఇంకొక లాభమూ ఉంది. ఒకే దెబ్బ వేస్తే అది తప్పిపోయే సంభావ్యత 0.45. మూడు దెబ్బలూ వరుసగా తప్పిపోవాలంటే 0.45 × 0.45 × 0.45, అంటే సుమారు 0.09. నాలుగూ తప్పిపోవాలంటే 0.04. అదృష్టం మీద ఆధారపడడం ఎంత తగ్గిపోయిందో చూడండి. పాచిక అదే, గుణం అదే. ఎక్కువసార్లు వేయడమే ఇక్కడి కిటుకు.

ఈ లెక్కను నమ్మకుండా మీరే ఆడి చూడండి. రంగురంగుల పాచికలు కొననక్కరలేదు. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి డబ్బాలో వేస్తే అదే 20 ముఖాల పాచిక. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయడం మరచిపోకూడదు. 4 ముఖాల పాచికకు రెండు చింతగింజలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒక పక్క తెల్లబడేదాకా బండ మీద అరగదీయండి. రెండూ విసిరితే తెలుపు, నలుపు కలిసి నాలుగు రకాలుగా పడతాయి. అయితే అరగదీసిన గింజ రెండు వైపులా సమానంగా పడుతుందని నమ్మకం లేదు. నూరుసార్లు విసిరి రాసుకోండి. ఒక వైపే మొగ్గితే దానికి జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త 1951లో చెప్పిన ఉపాయం ఉంది. ఒక్కొక్క గింజనూ రెండేసిసార్లు విసరండి. రెండుసార్లూ ఒకే రంగు పడితే లెక్కలోకి తీసుకోక మళ్లీ విసరండి. ముందు తెలుపు, తర్వాత నలుపు పడితే తెలుపు అనుకోండి. ముందు నలుపు, తర్వాత తెలుపు అయితే నలుపు. గింజ ఎంత మొగ్గుగా ఉన్నా ఈ రెండింటికీ సంభావ్యత సమానమే.

మీకొక పని. బకాసురుడికి రక్షణ సంఖ్య 20 ఇచ్చి పై మూడు లెక్కలూ మళ్లీ చేయండి. నాలుగో దెబ్బకు 6.6 వస్తుంది, చురుకుకు 6.83 వస్తుంది. వరుస తారుమారైంది! 15కూ 20కీ మధ్య ఏ సంఖ్య దగ్గర చురుకు మొదటిసారి పైచేయి సాధిస్తుందో కనుక్కోండి. (జవాబు: 19)