ఎల్లోరా గోడలలో గంజాయి

గంజాయి యనగనే మత్తుమందు స్ఫురించును. కాని వెయ్యేండ్లకు పూర్వము ఎల్లోరా గుహల గోడలకు గిలాబా చేసిన పనివారికి అది కట్టడపు సామగ్రి. అచటి మట్టిలో, సున్నములో ఆ మొక్క తునకలు కలిసియున్నట్లు 2016లో రాజ్‌దేవ్ సింగ్, సర్దేశాయి యను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. అది కలియని అజంతా గిలాబాను పురుగులు తొలిచినవనియు, ఎల్లోరాకు ఆ బాధ తప్పినదనియు వారి నిర్ణయము.

నేడు ఫ్రాన్సులో, మత్తుగుణము మిక్కిలి తక్కువగానున్న రకపు కాడలనుండి నార తీసి, మిగిలిన బెండును సున్నముతో కలిపి గోడలు నింపుచున్నారు. బరువును కొయ్యచట్రము మోయును. గోడ వేడిని, చలిని నిలువరించును. మొక్క గాలినుండి గ్రహించిన కర్బనము గోడలోనే నిలుచును.

మన 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము సైతము నార, విత్తనముల కొఱకు ప్రభుత్వానుమతితో దీని సాగునకు వీలు కల్పించినది. పూర్వుల యీ విద్యను తిరిగి నేర్చుటకు దారి మూసుకొనిపోలేదు.