ఓపెన్ సీటు ఎవరిది? రిజర్వేషన్ల లెక్కలో తరచూ తప్పుతున్న మెట్టు

తెలుగునాట ఒక మాట అర్థం చిత్రంగా మారిపోయింది. ఓసీ అంటే ఓపెన్ కాంపిటీషన్, అందరికీ తెరిచి ఉంచిన పోటీ. వాడుకలో మాత్రం అది కొన్ని కులాల పేరుగా స్థిరపడింది. ‘మేం ఓసీలం’, ‘వాళ్లు ఓసీలు’ అనడం మామూలు సంగతే. ఉత్తరాదిన ‘జనరల్’ అనే మాటకూ అదే గతి పట్టింది. మాట మారినంత మాత్రాన నష్టమేమిటని అనిపించవచ్చు. కానీ సీట్లు కేటాయించే యంత్రాంగం సైతం అదే అర్థంతో లెక్క వేస్తే, ఎక్కువ మార్కులు వచ్చిన విద్యార్థి బయట నిలబడిపోతాడు, తక్కువ మార్కులు వచ్చినవారు లోపలికి వెళతారు. అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. ఉన్నత విద్యలో కుల ప్రాతిపదికన కోటాలు న్యాయమా, కాదా అని దశాబ్దాలుగా సాగుతున్న వాదోపవాదాల్లో ఈ లెక్క గురించిన ప్రస్తావన తక్కువ.

మిగిలిన 40.5 శాతం

కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం, ఆర్థికంగా బలహీన వర్గాలకు అంటే ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం సీట్లు కేటాయిస్తారు. మొత్తం 59.5 శాతం. మిగిలిన 40.5 శాతం రిజర్వేషన్ లేని వర్గాల వాటా అని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. ఆ సీట్లు ఏ వర్గానివీ కావు. ర్యాంకు తప్ప వాటికి మరో అర్హత లేదు. ఎస్సీ విద్యార్థి ఓపెన్ జాబితాలో సీటు తెచ్చుకుంటే ఆ సీటు ఎస్సీ కోటాలోకి చేరదు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక కళాశాలలో 100 సీట్లు ఉన్నాయి, ఓబీసీ కోటా 27 మాత్రమే ఉంది, మిగతా 73 ఓపెన్ సీట్లు అనుకుందాం. ర్యాంకుల జాబితాలో మొదటి 73 మందిలో 20 మంది ఓబీసీలు ఉన్నారు. నిబంధన ప్రకారం ఆ 20 మంది ఓపెన్ సీట్లలోనే చేరాలి, కోటాలోని 27 సీట్లు వారి తర్వాతి ర్యాంకుల ఓబీసీ విద్యార్థులకు వెళ్లాలి. మొత్తం 47 మంది ఓబీసీలు చేరతారు. ఆ 20 మందిని ‘మీకు కోటా ఉంది కదా’ అని అటు నెట్టేస్తే చేరేది 27 మందే. అందులో 20 మంది కోటా లేకపోయినా సీటు తెచ్చుకోగలిగినవారే. అంటే 27 సీట్ల కోటా నిజానికి ఏడుగురికే ఉపయోగపడింది. ఖాళీ అయిన 20 ఓపెన్ సీట్లు 74వ ర్యాంకు నుంచి కిందికి, ఓబీసీలు కానివారికి దక్కుతాయి. కనీస హామీగా ఇచ్చిన కోటా ఈ పద్ధతిలో గరిష్ఠ పరిమితి అయిపోతుంది. పైగా దెబ్బ తినేది మెరిటే.

1951లో కొట్టివేసిన పద్ధతి

ప్రతి వర్గానికీ ఒక గది కట్టి, ఎవరి గదిలో వారిని కూర్చోబెట్టే పద్ధతి ఈ దేశానికి కొత్త కాదు. ఆంధ్ర జిల్లాలు కూడా భాగంగా ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో వైద్య, ఇంజినీరింగ్ కళాశాలల సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. ఎవరికీ చెందని సీటు ఒక్కటి కూడా లేదు.

దీన్ని సవాలు చేసిన చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్ 9న ఆ జీవోను కొట్టివేసింది. ఆమె వైద్య కళాశాలకు అసలు దరఖాస్తే చేయలేదన్న సంగతి ఆ తీర్పులోనే ఉంది. అయినా కేసు నిలిచింది. ఆ తీర్పు కారణంగానే అదే ఏడాది తొలి రాజ్యాంగ సవరణ వచ్చింది, 15(4) అధికరణ చేరింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వాలకు దక్కింది. ఆ సవరణ వెనుకబడిన వర్గాలకు కోటాను తెచ్చిందే తప్ప మిగతా వర్గాలకు పాత గదులను తిరిగి కట్టలేదు. నేటి చర్చల్లో మరుగున పడుతున్నది ఈ తేడాయే.

మండల్ కేసుగా పేరొందిన ఇంద్రా సాహ్నీ తీర్పులో 1992 నవంబరు 16న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఓపెన్ పోటీలో ప్రతిభతో ఎంపికైన ఎస్సీ అభ్యర్థిని ఎస్సీ కోటాలో లెక్కించరాదని పేర్కొంది. ఆ కేసు ఉద్యోగాలకు సంబంధించినదే అయినా, ప్రవేశాలకూ అదే సూత్రం పునాదిగా నిలిచింది.

మధ్యప్రదేశ్‌లో ఏం జరిగింది?

సూత్రం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు తప్పు ఎక్కడ దొర్లుతుంది? సాధారణంగా సమాంతర రిజర్వేషన్ల దగ్గర. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వంటివి నిలువు రిజర్వేషన్లు. మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికుల వంటి వర్గాలకు ఇచ్చేవి ఆ నిలువు వరుసలన్నింటినీ అడ్డంగా కోస్తూ వెళ్లే సమాంతర రిజర్వేషన్లు. ఈ రెండూ కలిసే చోట ‘ఓపెన్-మహిళ’ వంటి సీట్లు ఏర్పడతాయి. అవి రిజర్వేషన్ లేని వర్గాల మహిళలకే అని కొన్ని రాష్ట్రాలు అన్వయించాయి. ఉత్తరప్రదేశ్ పోలీసు నియామకాల్లో జనరల్ మహిళల జాబితాలో చివరగా ఎంపికైన వారికన్నా ఎక్కువ మార్కులు వచ్చిన ఓబీసీ మహిళలకు ఉద్యోగాలు దక్కలేదు. సౌరవ్ యాదవ్ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఓపెన్ విభాగం కోటా కాదని, అలా చూస్తే అది మతకుల ప్రాతిపదికన పంపకమే అవుతుందని జస్టిస్ రవీంద్ర భట్ తన తీర్పులో హెచ్చరించారు.

అయినా మధ్యప్రదేశ్‌లో వైద్య విద్య ప్రవేశాల్లో అదే పునరావృతమైంది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన వారికి ఎంబీబీఎస్‌లో 5 శాతం సీట్లు కేటాయించిన ఆ రాష్ట్రం, 2023-24 ప్రవేశాల్లో ఆ సీట్లను మళ్లీ ఓపెన్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అంటూ విడగొట్టింది. ఓపెన్ గదిలోని ప్రభుత్వ పాఠశాల సీట్లకు అభ్యర్థులు చాలక పలు సీట్లు మిగిలిపోయాయి, వాటిని సాధారణ ఓపెన్ సీట్లుగా మార్చేశారు. అదే సమయంలో ప్రభుత్వ పాఠశాలల్లోనే చదివి, ఆ గదిలో సీటు పొందిన వారికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న రిజర్వుడు వర్గాల విద్యార్థులకు ప్రవేశం నిరాకరించారు. రామ్‌నరేశ్ కుష్వాహా కేసులో 2024 ఆగస్టు 20న జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ కె.వి.విశ్వనాథన్ ధర్మాసనం సౌరవ్ యాదవ్ తీర్పును గుర్తుచేస్తూ, పిటిషనర్లకు 2024-25లో సీట్లు ఇవ్వాలని ఆదేశించింది. వారికి న్యాయం దక్కింది గానీ ఒక విద్యా సంవత్సరం పోయింది.

తక్కువ మార్కులకు సీటు ఇస్తున్నారన్నది కోటాలపై తరచూ వినిపించే అభ్యంతరం. ఇక్కడ ఎక్కువ మార్కులే అడ్డంకి అయ్యాయి. కోటాలను సమర్థించేవారైనా, వ్యతిరేకించేవారైనా దీన్ని సమర్థించడం కష్టం.

రెండు తలుపుల ఫిర్యాదు

రిజర్వుడు విద్యార్థులకు రెండు తలుపులు, మిగతావారికి ఒక్కటే అన్న ఫిర్యాదును కొట్టిపారేయలేం. అంకగణితం ప్రకారం అది నిజం. అయితే మొదటి తలుపు దగ్గర అందరికీ ఒకే కొలత. రెండో తలుపు ఉందన్న కారణంతో మొదటిదాన్ని మూసేస్తే, పై ఉదాహరణలో చూసినట్లు, రెండోదాని ప్రయోజనమే పోతుంది.

చిక్కు నిజంగా ఉన్నది మరోచోట. ఒక ఓబీసీ విద్యార్థిని ర్యాంకుతో ఓపెన్ సీటుకు అర్హత సాధిస్తుంది. కానీ ఆ ర్యాంకుకు ఓపెన్‌లో దక్కేది మారుమూల కళాశాల. ఆమె కన్నా వెనుక ర్యాంకు ఉన్న మరో ఓబీసీ విద్యార్థికి కోటాలో రాజధానిలోని కళాశాల వస్తుంది. ముందు నిలిచినందుకు ఆమెకు శిక్ష పడినట్లే. అందుకే ఆమె కోటా సీటును ఎంచుకోవచ్చని, అయినా ఆమెను ఓపెన్ అభ్యర్థిగానే లెక్కించాలని 1996లో రితేశ్ సాహ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఆమె వదిలిన ఓపెన్ సీటు ఎవరికి? ఆమె ఎంపిక వల్ల నష్టపోయే రిజర్వుడు విద్యార్థికే అని బిహార్‌కు చెందిన త్రిపురారి శరణ్ కేసులో 2018లో తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో వైద్య ప్రవేశాల కోసం వచ్చిన జీవో 550 ఈ సర్దుబాటు గురించే. దానిపైనా ఏళ్ల తరబడి న్యాయ వివాదాలు నడిచాయి. ఓపెన్ సీటు తమకు చెందినదే అనుకునేవారికి ఈ సర్దుబాటు దోపిడీగా కనిపిస్తుంది. వాస్తవానికి దీనివల్ల కోటా సంఖ్య పెరగదు, తరగదు.

2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటా ఈ లెక్కకు కొత్త మలుపు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ కోటాల పరిధిలోకి రాని పేదలకే అది వర్తిస్తుంది. ఎంత పేద కుటుంబమైనా దళిత, గిరిజన, బీసీ విద్యార్థికి అందులో చోటు లేదు. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఆ సవరణను సమర్థించింది. విభేదించిన ఇద్దరు అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ యు.యు.లలిత్, జస్టిస్ రవీంద్ర భట్. సౌరవ్ యాదవ్ కేసు విన్న ధర్మాసనంలోనూ వీరిద్దరూ ఉన్నారు. ఇప్పటికే కోటా ఉన్నవారికి మరో కోటా అక్కర్లేదని మెజారిటీ భావించింది. పేదరికమే కొలత అయినప్పుడు కులాన్ని బట్టి పేదలను మినహాయించడం సమానత్వానికి విరుద్ధమని భట్ రాశారు. ఫలితంగా నేటి కౌన్సెలింగ్ పట్టికలో 40.5 శాతం సీట్లు అందరివీ కాగా, వాటి పక్కనే ఉన్న 10 శాతం మాత్రం తెలుగువారు వాడుకలో ‘ఓసీ’ అని పిలిచే వర్గాలకే పరిమితమయ్యాయి.