రేవు గల్లీ తెలిసినవాడు

పంజాబ్ నుంచి సరుకుతో వచ్చిన లారీ డ్రైవరు హైవే మీద ఎవర్నీ దారి అడగడు. హైదరాబాద్‌ కిషన్‌బాగ్ గల్లీలోకి తిరిగాక మాత్రం తడబడతాడు. ఏ మలుపులో కరెంటు తీగ వేలాడుతోందో, ఏ నాలా మీది బండ బరువుకి కుంగుతుందో అక్కడి కుర్రాడికే తెలుసు. పక్కన కూర్చుని "ఇటు కొట్టన్నా, ఇంకాస్త" అనే ఆ కుర్రాడు లేకపోతే లారీ ఇరుక్కుంటుంది. రేవులో ఆ పని చేసేవాడు పైలట్.

విశాఖలో 1933లో మొదలైన లోపలి హార్బరుకు దారి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన సన్నటి కాలువ. మహాసముద్రాలు దాటొచ్చిన కెప్టెన్ అయినా అక్కడ పైలట్ మాట వింటాడు. విచిత్రమేమిటంటే, ఓడ నడిపించేది పైలట్ అయినా బాధ్యత కెప్టెన్‌దే. పనామా కాలువ ఒక్కటే దీనికి పేరుమోసిన మినహాయింపు.

అసలు చిక్కు నీళ్లలోనే ఉంది. లోతు తక్కువైన చోట ఓడ అడుగుకూ నేలకూ మధ్య ఇరుకులో నీరు వేగంగా పారుతుంది. వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది, ఓడ మరింత కిందికి దిగుతుంది. వేగం సగానికి తగ్గిస్తే ఈ దిగుడు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. గట్టుకు దగ్గరగా వెళ్తే ఇదే పీడనం పక్కనుంచి పనిచేసి ఓడ వెనుకభాగాన్ని గట్టువైపు లాగుతుంది, ముందుభాగం అవతలికి తిరుగుతుంది. 2021 మార్చి 23న సూయజ్ కాలువకు అడ్డంపడిన 400 మీటర్ల 'ఎవర్ గివెన్'లో ఇద్దరు పైలట్లున్నారు. అయినా దాన్ని కదిలించడానికి ఆరు రోజులు పట్టింది.

మరి పైలటే లేని వేళ? 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు విశాఖ బయట లంగరేసుకున్న బంగ్లాదేశ్ ఓడ 'ఎం.వి. మా' కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లలో ఇరుక్కుంది. లంగరు పట్టు కొక్కెంలో మాత్రమే ఉండదు, నేలమీద పడుకున్న గొలుసు బరువులోనూ ఉంటుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. గొలుసు నేలనుంచి లేచిందా, లంగరు ఈడ్చుకుపోతుంది. ఆ ఓడలోని పదిహేనుమంది క్షేమంగా బయటపడ్డారు. జనం మాత్రం సెల్ఫీలకు ఎగబడ్డారు, పర్యాటకశాఖ రెస్టారెంటు చేద్దామనీ చూసింది!

చెన్నైలో 2012 అక్టోబరు 31న నీలం తుఫానుకు ఒడ్డుకొచ్చిన 'ప్రతిభా కావేరి'ది ఇంత తేలికైన కథ కాదు. లైఫ్‌బోటులో దిగినవాళ్లలో కొందరు అది తిరగబడి చనిపోయారు. ఓడలోనే ఆగినవాళ్లను తర్వాత కాపాడారు.

అలాంటి వాతావరణంలో పైలట్ రాడు, రాలేడు. మామూలు రోజునైనా అతను ఓడ ఎక్కేది తాడు నిచ్చెన మీద. తొమ్మిది మీటర్ల కంటే ఎక్కువ ఎక్కాల్సివస్తే దానికి ఓడ మెట్లవంతెన జోడించాలని అంతర్జాతీయ నిబంధన. అతన్ని తెచ్చిన పడవ అల కొనకు లేచిన క్షణంలోనే నిచ్చెన అందుకోవాలి. పడవ అల అడుగున ఉండగా పట్టుకుంటే, మళ్లీ లేచొచ్చే పడవ కాళ్లను ఓడకేసి నొక్కేస్తుంది.